డబ్బాలో పోసి ఊపితే సరిపోదా? పౌడర్ల మీద పీహెచ్‌డీ చేసినదాన్ని చెబుతున్నా

ప్రశ్న ఇది: "పౌడర్‌ని అంతకంటే సన్నటి పౌడర్‌తో కలిపి, దాని మీద పూతలా పట్టించే పని మీద పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఇంట్లో 'కలపడానికి కూడా పరిశోధనా' అని నవ్వుతున్నారు. అందులో నిజంగా విషయం ఉందా? చేరొచ్చా?"

చేరొచ్చు. నా థీసిస్ కూడా ఇదే కాబట్టి ఇంట్లోవాళ్ల నవ్వు సంగతి నాకు బాగా తెలుసు. మా ఇంట్లోనే కాదు, మా డిపార్ట్‌మెంట్ కారిడార్‌లోనూ నవ్వారు. కెమిస్ట్రీ వాళ్లు కొత్త అణువు చేశామంటారు, బయాలజీ వాళ్లు జన్యువు అంటారు. మనం "రెండు తెల్ల పౌడర్లు కలిపితే మూడో తెల్ల పౌడర్ వచ్చింది" అని చెప్పాలి. ఆ నవ్వు అలవాటైపోతుంది.

విషయం మాత్రం చాలా ఉంది. గింజ సైజు తగ్గేకొద్దీ దాని బరువు ఘోరంగా పడిపోతుంది కానీ, పక్క గింజని పట్టుకునే బలం అంతలా తగ్గదు. వ్యాసం సగమైతే అంటుకునే బలం కూడా సగమవుతుంది, బరువేమో ఎనిమిదో వంతుకి దిగుతుంది. అందుకే 20, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కిందికి వచ్చేసరికి పౌడర్ మన మాట వినదు. గరాటులో పోస్తే మెడ దగ్గర కమానులా కట్టుకుని ఆగిపోతుంది. దాని మీద నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు) సైజు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, చుక్కలుగా కూర్చోబెడితే రెండు పెద్ద గింజలు నేరుగా తాకవు, మధ్యలో చుక్క అడ్డొస్తుంది. అంటుకునే బలం పదుల రెట్లు, ఒక్కోసారి వంద రెట్లు తగ్గిపోతుంది. చాలామంది దీన్ని క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడర్‌లాంటిది అనుకుంటారు. కాదు. ఇక్కడ జారుడు కోసం ఏమీ చల్లడం లేదు, గింజకీ గింజకీ మధ్య దూరం పెంచుతున్నాం. ఈ ఒక్క తేడా తెలియకుండా మాట్లాడేవాళ్లు కాన్ఫరెన్సుల్లోనే బోలెడంత మంది దొరుకుతారు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఏటా జరిగే రివ్యూ మీటింగ్‌లో వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఒక సీనియర్ ప్రొఫెసర్ వచ్చారు. నా రెండో స్లైడ్ దగ్గరే ఆపి, "ఏమ్మా, ఇందులో రీసెర్చ్ ఏముంది? డబ్బాలో పోసి ఊపితే కలవదా?" అన్నారు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు కాబట్టి బ్యాగ్‌లో రెండు గాజు సీసాలు, ఒక గరాటు పెట్టుకునే వెళ్లాను. రెండింట్లోనూ అదే లాక్టోస్ (పాల చక్కెర), సగటున 20 మైక్రాన్లది. అదే సిలికా, బరువులో అదే అర శాతం. సీసాల మీద 1, 2 అన్న అంకెలు తప్ప ఏమీ రాయలేదు. "మీరే పోసి చూడండి సార్" అన్నాను.

ఒకటో సీసా వంచారు. పౌడర్ గరాటులో కుప్పగా పడి అక్కడే కూర్చుంది. చేత్తో తట్టారు, పెన్నుతో పొడిచారు. పొడిచిన చోట నిలువునా ఒక బొరియ పడింది, చుట్టూ ఉన్నది మాత్రం గోడలా నిలబడిపోయింది. ఇంకా గట్టిగా తడితే ఒక ముద్ద ఊడి టేబుల్ మీద పడింది, ఆయన కోటు చెయ్యంతా తెల్లగా అయ్యింది. రెండో సీసా వంచారు. ఆగకుండా సన్నటి ధారలా కిందికి వచ్చేసింది. సీసా లోపల గోడకి కూడా పెద్దగా అంటలేదు. ఆయన కాసేపు గరాటు వైపే చూసి, "ఇందులో సిలికా ఎక్కువ వేశావు" అన్నారు. లేదు సార్, రెండింటికీ ఒకే తూకం అని నోట్‌బుక్ చూపించాను.

తేడా అంతా కలిపిన తీరులో ఉంది. ఒకటోది డబ్బాని అటూ ఇటూ దొర్లించే టర్బులా మిక్సర్‌లో మెల్లగా దొర్లించింది. రెండోది కోన్ మిల్ (తిరిగే బ్లేడు పౌడర్‌ని జల్లెడకి అదిమి నెట్టే యంత్రం) జల్లెడ గుండా మళ్లీ మళ్లీ పంపింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు పెడితే సంగతి తేలిపోయింది. ఒకటో దాంట్లో లాక్టోస్ గింజ నున్నగా, బోసిగా ఉంది. సిలికా అంతా పక్కన ఉండలు కట్టి, గింజకి సంబంధం లేనట్టు కూర్చుంది. రెండో దాంట్లో గింజ ముఖం నిండా సన్నటి చుక్కలు.

అప్పుడాయన చాలా మంచి ప్రశ్న అడిగారు, అది మాత్రం ఒప్పుకోవాలి: "మరి ఒకటో దాన్ని గంటల తరబడి తిప్పితే?" ఆ శాంపిల్ కూడా నా దగ్గరుంది. కొంచెం మెరుగైంది, రెండో సీసా దరిదాపుల్లోకి కూడా రాలేదు. సన్నటి పౌడర్ ముందు తనలో తాను ఉండ కట్టుకుని ఉంటుంది. ఆ ఉండని పగలగొట్టేంత దెబ్బ తగిలితేనే అది విడిపోయి పెద్ద గింజ మీదికి ఎక్కుతుంది. దొర్లించే మిక్సర్‌లో ఆ దెబ్బ లేదు. చాలని దెబ్బని ఎంతసేపు కొట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. నా థీసిస్ మొత్తం ఇదే, మిగతావన్నీ గ్రాఫులు.

ఇందుకే "10 నిమిషాలు కలిపాము" అని రాసే పేపర్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ మిక్సర్‌లో? గిన్నె సైజెంత, అందులో ఎంత వంతు నింపారు, ఎన్ని ఆర్‌పీఎం, సిలికాని ముందే జల్లించారా, ముందు ఏది పోశారు, ఆ రోజు గదిలో తేమ ఎంత? ఒక్కటీ ఉండదు. నిమిషాలు మాత్రం ఉంటాయి. అదే ఆర్‌పీఎం పెట్టి పెద్ద డ్రమ్ములో తిప్పితే పౌడర్ పడే ఎత్తు, అంచు దగ్గర వేగం రెండూ పెరుగుతాయి, అంటే అది వేరే ప్రయోగం. సన్నటి గింజలు పెద్ద గింజల మీద ఒక క్రమంలో కూర్చునే మిశ్రమాల గురించి 1975లోనే హెర్సీ అనే పరిశోధకుడు 'ఆర్డర్డ్ మిక్సింగ్' అని రాశాడు. ఇన్నేళ్లయినా మెథడ్స్ సెక్షన్‌లో ఒక వాక్యం మించి రాయడానికి జనాలకి బద్ధకం.

రివ్యూ పేపర్లలో బొమ్మలు ఇంకో తలనొప్పి. పెద్ద గుండ్రటి బంతి, దాని చుట్టూ చిన్న గుండ్రటి బంతులు ఒకే వరుసలో. లెక్క కూడా ఆ బొమ్మ మీదే వేస్తారు: 20 మైక్రాన్ల లాక్టోస్ మీద 12 నానోమీటర్ల సిలికాని ఒక వరుస పూర్తిగా పరవాలంటే బరువులో 0.35 శాతం దగ్గర చాలు. లెక్క తప్పు కాదు, బొమ్మే అబద్ధం. ఈ పనికి వాడే ఫ్యూమ్డ్ (మంటలో తయారు చేసిన) సిలికా విడివిడి బంతులుగా ఉండదు. తయారయ్యేటప్పుడే మంటలో ఒకదానికొకటి కరిగి అతుక్కుని గొలుసుల్లా వస్తుంది. ఆ అతుకుల్ని మిక్సర్ విడదీయలేదు, గొలుసుల గుంపుల్ని మాత్రమే విడదీస్తుంది. పైగా అది ఎంత తేలికంటే ఒక గ్రాము సుమారు 20 మిల్లీలీటర్ల చోటు తింటుంది. తూకం వేసేటప్పుడు ఊపిరి వదిలినా లేచిపోతుంది. మాస్క్ లేకుండా ఆ డబ్బా మూత తీయకండి.

అలాగని ఎంత గట్టిగా కొడితే అంత మంచిదని కాదు. మెత్తటి గింజలైతే సిలికా చుక్కలు లోపలికి దిగబడిపోతాయి, అప్పుడు పూత ఉన్నా లేనట్టే. పెళుసు గింజలైతే విరిగి, పూత లేని కొత్త ముఖాలు బయటపడతాయి. మాత్రల తయారీలో పౌడర్ యంత్రానికి అంటకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్ సంగతి అందరికీ తెలిసిందే. ఎక్కువసేపు కలిపితే అది పొరలా పరుచుకుని మాత్ర గట్టిదనం తగ్గిపోతుంది, మందు కరగడమూ ఆలస్యమవుతుంది. అందుకే దాన్ని చివర్లో వేసి కాసేపే తిప్పుతారు. ఇన్‌హేలర్ పౌడర్ల కథ పూర్తిగా రివర్స్. ఊపిరితిత్తుల్లోకి చేరాలంటే మందు గింజ 1 నుంచి 5 మైక్రాన్లు ఉండాలి. అది కలిపేటప్పుడు పెద్ద లాక్టోస్‌కి అంటుకోవాలి, పీల్చగానే మళ్లీ ఊడిపోవాలి. అంటుకోకపోయినా కష్టమే, వదలకపోయినా కష్టమే. ఎవరైనా "కలపడమే కదా" అంటే ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి, సైలెంట్ అయిపోతారు.

యంత్రాల మోజులో మాత్రం పడకండి. మెకనోఫ్యూజన్ అనే యంత్రం పౌడర్‌ని గోడకీ ఒక తలకీ మధ్య ఇరికించి గట్టిగా రుద్దుతుంది, వేడి కూడా పుడుతుంది. అయస్కాంతాలతో నడిచేదాంట్లో చిన్న అయస్కాంత గింజలు మారే ఫీల్డ్‌లో గిరగిర తిరుగుతూ పౌడర్‌ని కొడతాయి, దెబ్బ కాస్త మృదువు. అకౌస్టిక్ మిక్సర్ 60 హెర్ట్జ్ దగ్గర గిన్నె మొత్తాన్నే ఊపేస్తుంది, బ్లేడే ఉండదు. న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెఫర్, దవే బృందం ఇలాంటి యంత్రాలతో ఏళ్ల తరబడి పనిచేసింది, వాళ్లవి ముందు చదవండి. ఏ యంత్రమైనా అడగాల్సింది ఒక్కటే: ఉండని ఎంత గట్టిగా కొడుతోంది, గింజని ఎంత పాడు చేస్తోంది.

ఇంకో చిరాకు కొలతలది. హౌస్నర్ రేషియో (తట్టి కుదించిన పౌడర్ సాంద్రతని ఊరికే పోసినప్పటి సాంద్రతతో భాగిస్తే వచ్చేది) 1.25 లోపు ఉంటే బాగా పారుతుంది, 1.4 దాటితే అంటుకునే రకం అంటారు. కానీ సిలిండర్‌లో మీరు పోసిన తీరు, నేను పోసిన తీరు వేరైతే అంకె మారిపోతుంది. కుప్ప కోణం, అంటే పోసిన కుప్ప వాలు నేలతో చేసే కోణం, ఇంకా దారుణం. అంటుకునే పౌడర్ కుప్పకి ఒక్కో వైపు నుంచి చూస్తే ఒక్కో కోణం ఉంటుంది. పౌడర్‌ని అదిమి, పక్కకి తోసి, కదలడానికి ఎంత బలం కావాలో కొలిచే షియర్ సెల్ ఒక్కటే నమ్మదగ్గది అని నా అభిప్రాయం. అందులో వచ్చే అంకె (అదిమిన ఒత్తిడిని, అలా గట్టిపడ్డ పౌడర్ బలంతో భాగిస్తే వచ్చేది) 4 కంటే తక్కువైతే మొండి పౌడర్, 10 దాటితే హాయిగా పారే పౌడర్. మైక్రోస్కోప్ బొమ్మల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. వేల గింజల్లో అందంగా పూత పట్టిన ఒక్కదాన్ని వెతికి ఫొటో తీసి పేపర్‌లో పెడతారు. పక్కనున్న బోసి గింజలు ఫ్రేమ్ బయటే ఉండిపోతాయి. తక్కువ మాగ్నిఫికేషన్‌లో, ఎంచుకోకుండా తీసిన బొమ్మలు అడిగితే మొహం మాడ్చుకుంటారు.

ఉద్యోగాల టెన్షన్ అక్కర్లేదు. మందుల కంపెనీలు ఉన్నాయి, ప్రింటర్ టోనర్ ఉంది, బ్యాటరీ కాథోడ్ పౌడర్‌కి అల్యూమినా పూత పట్టించేవాళ్లు ఉన్నారు. పని దొరుకుతుంది, కాకపోతే సగం రోజు యంత్రం కడగడంలోనే పోతుంది. అది ఏ కంపెనీలో అయినా తప్పదు.

చేరేముందు కాబోయే గైడ్‌ని రెండు అడగండి. ల్యాబ్‌లో సొంత షియర్ సెల్ ఉందా, పక్క డిపార్ట్‌మెంట్‌ని బతిమాలుకోవాలా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ వారాల్లో దొరుకుతుందా, నెలలు పడుతుందా? నెలలు అంటే టాపిక్ మంచిదే, ల్యాబ్ వేరేది చూసుకోండి.