గొడుగు మాత్రం తీసుకెళ్ళకు

ప్రశ్న: అక్కా, నేను ఎడిన్‌బరోలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అక్టోబరులో నలుగురం కలిసి స్కాట్లాండ్ పడమటి తీరానికి అవతల ఉన్న లూయిస్ దీవికి వెళ్దామనుకున్నాం. అక్కడి పెద్ద ఊరు స్టోర్నోవేలో గురువారం నుంచి సోమవారం దాకా గది తీసుకున్నాక ముగ్గురూ తలో కారణం చెప్పి జారుకున్నారు. కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఫోన్‌లో చూస్తే ఐదు రోజులూ వానే. నాకు కారు నడపడం రాదు, మాంసం తినను, ఒక్కదాన్నే ఊరు వెళ్ళింది ఎప్పుడూ లేదు. అమ్మ "ఆ ముసురులో ఏం చూస్తావే" అంటోంది. వెళ్ళనా, మానెయ్యనా?
– ఒక పాఠకురాలు, ఎడిన్‌బరో

జవాబు: వెళ్ళు తల్లీ. అమ్మ అడిగిన మాటలో మాత్రం న్యాయం ఉంది. కొండలూ సముద్రమూ చూద్దామని వెళితే మబ్బు తప్ప ఏమీ కనపడదు, రెండో రోజుకే ఏడుపొస్తుంది. ఆ వాన వల్ల పుట్టినవేవో అవి చూడు. ఆ దీవిలో చూడాల్సినవి చాలావరకు అవే.

నేను ఇన్వర్‌నెస్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాను. లూయిస్ మొదటిసారి చూసింది అక్టోబరులోనే, అదీ ఒక్కదాన్నే. మా ఆయనకి సెలవు దొరకలేదు. స్టోర్నోవేలో ఏడాదికి పడే వాన సుమారు 1,200 మిల్లీమీటర్లు. దగ్గరదగ్గర మన విశాఖలో పడేంతే. కాకపోతే మనకి కుంభవృష్టి కురిసి వెలిసిపోతుంది, అక్కడ అదే వాన రెండొందల రోజులకి సర్దుకుని పడుతుంది. పడుతుంది అనకూడదు, పక్కనుంచి కొడుతుంది. కలానిష్‌లో పూర్వకాలపు మనుషులు నిలబెట్టిన రాళ్ళ దగ్గర నా గొడుగు ఉమ్మెత్త పువ్వులా పైకి విచ్చుకుని మళ్ళీ ముడవలేదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు, పైన తొడుక్కునే రెయిన్ ప్యాంటు, బూట్లు, ప్లాస్టిక్ సంచిలో రెండు జతల ఉన్ని మేజోళ్ళు చాలు. జీన్స్ వద్దు, తడిస్తే సాయంత్రం దాకా నిన్ను పట్టుకుని ఉంటుంది.

ఇన్వర్‌నెస్ దాకా రైలు, అక్కణ్ణించి ఉల్లాపూల్ రేవుకి బస్సులో గంటన్నర, ఆపైన ఓడ రెండున్నర గంటల పైచిలుకు. ఓడలో మధ్యభాగంలో కూర్చో, దూరంగా కిటికీలోంచి చూడు, ఫోన్ చూడకు. గాలి ఎక్కువైతే ఓడ ఆపేస్తారు. అందుకని మంగళవారం పరీక్షో ప్రెజెంటేషనో పెట్టుకోకు.

శుక్రవారం పశ్చిమ తీరం చుట్టి వచ్చే బస్సు ఎక్కు. ఆఖరి బస్సు ఎన్నింటికో డ్రైవర్ని అడిగి మరీ దిగు. ఎక్కడికి వెళ్తున్నావో గది ఇచ్చినవాళ్ళకి చెప్పు. రోడ్డు వదిలి బీడులోకి అడుగెయ్యకు. పచ్చగా మెత్తగా కనిపించేదంతా బురదే.

మొదట ఆర్నల్ ఊళ్ళో 42వ నంబరు ఇల్లు, పాతకాలపు ఇల్లు ఎలా ఉండేదో చూపించడానికి అలాగే ఉంచారు. మందపాటి రాతిగోడలు, పూరికప్పు. లోపలికి వెళ్ళాక కళ్ళు అలవాటు పడేదాకా చీకటే. నేల మధ్యలో పీట్ నిప్పు, మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతూ. పీట్ అంటే, ఎప్పుడూ నీళ్ళు నిలిచే నేలలో నాచూ గడ్డీ పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకున్న నల్లమట్టి. చెట్లు పెద్దగా లేని దీవి కాబట్టి దాన్నే ఇటుకల్లా కోసి, మనం పిడకలు ఎండబెట్టినట్టు ఎండబెట్టి కాలుస్తారు. పొగగొట్టం లేదు, పొగ కప్పులోంచే ఊరుతుంది. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద. పొగచూరిన గడ్డిని తర్వాత పొలానికి ఎరువుగా వేసేవారట. 1960ల దాకా అందులో కాపురం ఉన్నారు. నా శాలువాకి పట్టిన ఆ వాసన రెండుసార్లు ఉతికినా పోలేదు.

కలానిష్ రాళ్ళు నిలబెట్టి దాదాపు 5,000 ఏళ్ళు. వాటి చుట్టూ మీటరున్నర ఎత్తున పీట్ పేరుకుపోతే 1857లో తవ్వి తీశారు. ఎండలో అవి బూడిదరంగు రాళ్ళే. తడిస్తే చారలు తేలతాయి, నలుపు, తెలుపు, అక్కడక్కడ గులాబీ. ఫొటోలు తీసేవాళ్ళు కూడా ఉండరు.

ఇక నాకు ఇష్టమైన చోటు. నేను చీరాల పిల్లని, మా తాతది గుంట మగ్గం, బడి నుంచి రాగానే కండెలు చుట్టడం మా పని. కార్లోవే దగ్గర ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి టకటకమని చప్పుడు విని నా కాళ్ళు ఆగిపోయాయి. తలుపు మీద "రండి" అన్న పలక ఉంది. లోపల పెద్దాయన సైకిల్ తొక్కినట్టు పెడళ్ళు తొక్కుతూ హ్యారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట నేస్తున్నాడు. కరెంటు లేదు. ఒక కండె నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడమన్నాడు. దూరానికి గోధుమరంగు. దగ్గరికి పెడితే ఆకుపచ్చ, నారింజ, ఊదా, పోగులో ఒక్కో వెంట్రుకదీ ఒక్కో రంగు. మనవాళ్ళు వడికిన నూలుకి అద్దకం వేస్తారు, వీళ్ళు ఉన్నికి ముందే రంగులేసి, కలిపి, అప్పుడు వడుకుతారు. లూయిస్‌, దాని చుట్టుపక్కల దీవుల్లోనే రంగు వేసి, వడికి, నేతగాడి ఇంట్లోనే నేస్తే తప్ప దానికి ఆ పేరు పెట్టకూడదని 1993లో బ్రిటన్ పార్లమెంటు చట్టమే చేసింది. మనకీ కొన్ని రకాల బట్టలు చేనేతకే వదలాలన్న 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది, పవర్‌లూమ్ చీరని చేనేతని చెప్పి అమ్మే కొట్లూ ఉన్నాయి. సరే, అది వేరే ఉత్తరానికి జవాబు.

శనివారం స్టోర్నోవే కోట పక్కన మ్యూజియం. ఆ కోట కట్టినాయన డబ్బు చైనాకి మన దేశపు నల్లమందు అమ్మి సంపాదించింది, ఆ సంగతి మనసులో పెట్టుకునే వెళ్ళు. లోపల 1831లో ఈ దీవిలో దొరికిన చదరంగం పావుల్లో ఆరున్నాయి, వాల్రస్ అనే సముద్ర జంతువు దంతంతో చెక్కినవి. మన మంత్రి స్థానంలో రాణి, చెంపన చెయ్యి వేసుకుని కూర్చుని ఉంటుంది. వాన చూసి విసిగిపోయిన మా పెద్దత్తయ్య అచ్చు అలాగే కూర్చునేది.

తిండికి కారప్పొడి, ఉప్మా పొట్లాలు పట్టుకెళ్ళు. పొద్దున్న టిఫిన్ పళ్ళెంలో నల్లగా గుండ్రంగా ఒకటి వస్తుంది. నేను మాడిన గారె అనుకున్నాను. అది నెత్తురూ కొవ్వూ ఓట్స్ గింజలూ కలిపి చేసేది, ఆ ఊరు దానికే ప్రసిద్ధి. నువ్వు శాకాహారివని ముందురోజు రాత్రే చెప్పు.

ఆదివారానికి కావాల్సినవి శనివారమే కొనుక్కో, అక్కడ ఆ రోజు ప్రార్థనకీ విశ్రాంతికీనే, చాలా దుకాణాలు మూసే ఉంటాయి. అక్కడి సొంత భాష గేలిక్‌లో ప్రార్థన జరిగే చర్చికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. వాయిద్యాలు ఉండవు. ఒకాయన చరణం అందిస్తాడు, మిగతావాళ్ళు ఎవరి గమకం వాళ్ళు వేసుకుంటూ అందుకుంటారు.

ఇంకొక్కటి. నేనున్న నాలుగు రోజుల్లో ఎండ కాసింది ఒకే ఒక గంట, ఆదివారం మధ్యాహ్నం. మనవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది, తడి బట్టలన్నీ పట్టుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేసి, గర్వంగా పైకి వెళ్ళి పడుకున్నాను. అక్కడ ఆదివారం బట్టలు బయట ఆరెయ్యరు. లేచి కిందికి వచ్చేసరికి ఇంటావిడ అన్నీ తీసి, మడిచి, పొయ్యి పక్కన కుర్చీ మీద పెట్టింది. నాకు టీ పోసి ఇచ్చి, చీరాల ఎక్కడుంటుందని అడిగింది.