ముందు గైడుని వెతుక్కో

పెదవాల్తేరు,
విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న బీచ్ రోడ్డులో నడుస్తూ, "పీహెచ్‌డీ సీటు కోసం అరవై యూనివర్సిటీలకి మెయిల్ పెట్టాను మావయ్యా, ఒక్కరూ పలకలేదు" అన్నావు. ఆ మాట నన్ను వదలడం లేదు. అరవై మందికీ ఒకే ఉత్తరం వెళ్తే ఎవరూ పలకరు తల్లీ. ఆ అరవైని ఎనిమిదికో పదికో కుదించు.

నువ్వు వెతుకుతున్న చోటు కూడా సరికాదు. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ లాంటి టెక్నికల్ యూనివర్సిటీల్లో మామూలుగా నాలుగేళ్ళ కాంట్రాక్టు ఉంటుంది. కాబట్టి అడ్మిషన్ల పేజీలో కాకుండా ఉద్యోగాల పేజీలో, ప్రొఫెసర్ సొంత ల్యాబ్ పేజీలో, యూరప్ పరిశోధన ఉద్యోగాలు పెట్టే యూరాక్సెస్ సైట్‌లో చూడు. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కుల్లోని పీహెచ్‌డీ ఉద్యోగాలూ అక్కడే కనిపిస్తాయి. నువ్వు చేరబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండకపోతే చాలు, నీకింకా డాక్టరేట్ లేదు కాబట్టి అర్హత ఉన్నట్టే.

ఇక గైడు సంగతి. కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా ఉండే డీబీఎల్‌పీ సైట్ తెరిచి ఆయన గత మూడేళ్ళ పేపర్లు చూడు. ఎక్కువ పని చేసినవారి పేరు ముందు వేస్తారు, ఆ మొదటి పేరు విద్యార్థులదేనా? ఒక్కొక్కరికి ఎన్నేళ్ళు పట్టింది, ఎక్కడికి వెళ్ళారు? థియరీ, క్రిప్టోగ్రఫీ పేపర్లలో మాత్రం పేర్లు అక్షరక్రమంలో వేస్తారు, అక్కడ ఈ లెక్క పనికిరాదు.

తరవాత ఆ విద్యార్థుల్లో ఇద్దరికి రాయి. గైడు వారానికి ఒకసారైనా కూర్చుంటారా, డ్రాఫ్టు ఎన్నాళ్ళకి చదివి ఇస్తారు అని సూటిగా అడుగు. ఈ మాట ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, పేరు చూసి ఒక పెద్దాయన దగ్గర చేరినవాణ్ణి నేను. మొదటి ఏడాదిలో ఆయనతో కూర్చున్నది మూడేసార్లు. నా సినాప్సిస్, అంటే థీసిస్ సారాంశం, ఆయన టేబుల్ మీద ఐదు నెలలు పడి ఉంది. ఆయన మంచివారే, కానీ అప్పటికే చేతినిండా విద్యార్థులున్నారు. చేరకముందు ఒక్క సీనియర్‌ని అడిగి ఉంటే నాకా విషయం తెలిసేది. ఇప్పుడు మన యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి ఉండకూడదు. ఎనిమిదయినా తక్కువేం కాదు.

మెయిల్ పది లైన్లు దాటకూడదు. "మీ పనంటే నాకెంతో ఆసక్తి" లాంటివి తీసెయ్. ఒక పేపర్ పట్టుకో. కోడ్ బయట పెట్టి ఉంటే నీ కంప్యూటర్‌లో నడిపి చూడు. ఎక్కడ తేడా వచ్చిందో, నీకు ఏ ప్రశ్న పుట్టిందో రాయి. ఎంటెక్ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు, సీవీ, మార్కుల జాబితా జతచెయ్. రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తుచెయ్, అంతటితో వదిలెయ్.

మన దేశాన్ని పక్కన పెట్టకు. నీ గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, ఐఐటీల ప్రకటనలు చూస్తూ ఉండు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తరవాత 42,000 రూపాయలు. ఇంటి దగ్గర ఉండి చదవాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. అక్కడైనా గైడు గురించి ఇవే ప్రశ్నలు అడుగు.

ఈ వారం ముగ్గురి పేపర్లు ఒక్కోటి ప్రింటు తీసుకుని, మార్జిన్‌లో నీ అనుమానాలు రాసుకుని ఆదివారం మధ్యాహ్నం రా. మొదటి మెయిల్ ఇద్దరం కలిసి రాద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య