గ్లాకోమాతో చూపు పోతే బ్రెయిన్ చిప్ పనికొస్తుందా?

మీ నాన్నగారికి గ్లాకోమాతో రెండు కళ్లూ పోయాయి, అమెరికా తీసుకెళ్లి చిప్ పెట్టిద్దామా అని అడిగారు కదండీ. అప్పు చేసి మాత్రం బయల్దేరకండి. కంటి లోపలి పొర రెటీనా మీద అమర్చుతూ వచ్చిన ఆర్గస్-2 అనే చిప్ ఆయనకు పనికిరాదు. దానికి కంటి నరం బాగుండాలి, గ్లాకోమా దెబ్బతీసేది ఆ నరాన్నే. నరంతో పని లేకుండా నేరుగా మెదడు వెనుక భాగంలో ఉండే దృష్టి కేంద్రానికి కరెంటు పంపేది ఓరియన్ అనే మరో చిప్. అందులో కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు 60. కళ్లద్దాల కెమెరాకు కనిపించింది మిణుకుమనే చుక్కలుగా తెలుస్తుంది. తలుపు ఎటుందో పోల్చుకోవచ్చేమో గానీ మనవడి ముఖం కనపడదు. పైగా పుర్రె తెరవాలి! ఈ మెదడు చిప్‌లన్నీ ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్నాయి, డబ్బు కడితే పెడతామనేవాళ్లను నమ్మకండి. ఆర్గస్‌ను కంపెనీ ఆపేశాక, పెట్టించుకున్నవాళ్లకు రిపేరు చేసే దిక్కు లేకుండా పోయింది. ముందు తెల్లకర్ర శిక్షణ, ఫోన్‌లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ మొదలుపెట్టించండి. గ్లాకోమా వంశంలో రావచ్చు, మీరూ కంటి ప్రెషర్ చూపించుకోండి.