చీటీ తీసేసే ముందు

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బెంగళూరు ఉద్యోగం వదిలేసి చిత్తూరు మామిడి రైతులకు మాట్లాడే యాప్ చేస్తున్నావంట. చెప్తున్నంతసేపూ ఆమె గొంతులో ఏడుపు సగం, గొప్ప సగం. పద్దెనిమిదేళ్లు ప్రొడక్ట్ మేనేజర్‌గా పనిచేసిన మామకు నువ్వు ఒక మాట చెప్పకపోతివే అని నాకు కోపం వచ్చింది. తర్వాత నీ ఇరవై పేజీల ప్రెజెంటేషన్ ఆమే పంపింది. అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివినా. బాగుంది. బాగుండబట్టే నాకు నిద్ర పట్టలేదు.

కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఆడిటర్‌కు వదిలెయ్. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో పెట్టుకో. నీతో కలిసిన ఆ అబ్బాయికీ నీకూ ఎవరి వాటా ఎంతో ఇప్పుడే, స్నేహం బాగున్నప్పుడే, కాగితం మీద రాసుకోండి. మీ అమ్మ గాజుల జోలికి మాత్రం పోవద్దు. ఆమె తానే ఇస్తానన్నా తీసుకోవద్దు. దీని మీద నాతో వాదన పెట్టుకోవాకు.

ఇక అసలు సంగతి. నీ రెండో పేజీలో ‘యూజర్: స్మార్ట్‌ఫోన్ ఉన్న రైతు’ అని రాసినావు. నేను ఆ లైను దగ్గరే ఆగిపోయినా. అట్లాంటి లైను నేనూ ఒకప్పుడు రాసినా.

2013లో సంగతి. మా టీం ఒక పాల కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేస్తా ఉండేది. పెనుమూరు చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లకు సెంటర్లు ఉండేవి. తెల్లారి ఐదున్నరకే ఆడవాళ్లు క్యాన్లతో లైను కడతారు. ఒక చెంచాడు పాలు మిషన్లో పోస్తే ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలల్లో ఉండే గట్టి పదార్థం) చూపిస్తుంది. వెంటనే గర్రుమని చిన్న చీటీ బయటికొస్తుంది. దాంట్లో లీటర్లు, ఫ్యాటు, రేటు, రూపాయలు అన్నీ ఉంటాయి. పదిహేను రోజులకొకసారి బిల్లు. కంపెనీకి ఆ ప్రింటర్లతో తలనొప్పి. ఈరోజు రోలు అయిపోయిందంటారు, రేపు దుమ్ము పట్టి ఆగిపోయిందంటారు. చీటీ తీసేసి ఎస్సెమ్మెస్ పెడదామన్నది నేనే. ఎవరో చెప్తే చేసింది కాదు, సొంత తెలివి.

తెలుగు మెసేజ్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో 160. రెండు మెసేజ్‌ల ఖర్చు ఎందుకని ఇంగ్లీషులో పెట్టించినా. అప్పటి చిన్న ఫోన్లు చాలావాటిలో తెలుగు అక్షరాలు ఖాళీ డబ్బాలుగా కనిపించేవి కాబట్టి నాకు సాకు కూడా దొరికింది. డాష్‌బోర్డులో మెసేజ్‌లన్నీ పచ్చగా చేరినట్టు చూపిస్తా ఉంటే నా అంతటోడు లేడనుకున్నా.

మూడో నెలకు కొన్ని సెంటర్లలో పాలు తగ్గినాయి. ఎండాకాలం, పచ్చిగడ్డి లేదు, అందుకే అనుకున్నాం. రిపోర్టులో ‘వేసవి ప్రభావం’ అని రాసింది కూడా నేనే. వానలు పడినాయి, గడ్డి మొలిచింది, పాలు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు పోయినా పల్లెకు, మొదటిసారి! ఆర్నెల్లు పనిచేసిన ప్రాజెక్టుకు మొదటిసారి పోయినానని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

“పాలు తగ్గలేదు సార్, పక్క వీధిలో నోటుబుక్కులో రాసి చీటీ ఇచ్చే ఆయనకు పోస్తా ఉండారు” అన్నాడు సెంటరు అబ్బాయి.

ఒక పెద్దామె ఇంటికి తీసకపోయినాడు. వసారాలో దూలానికి వేలాడే ఇనుపకమ్మీకి గుచ్చిన చీటీల కట్ట ఉంది, ఏడాదివి. అది వేడికి అచ్చయ్యే కాగితం కదా, కొన్నాళ్లకు అక్షరం వెలిసిపోతుంది. ఆమె ఏం చేసిందంటే, బడికి పోయే మనవరాలి చేత ప్రతి చీటీ మీదా వెలిసిపోకముందే నీలం పెన్నుతో అంకెలు దిద్దించింది. ఒక్కటి వదల్లేదు. నేను ఆ కట్ట పట్టుకొని నిలబడి ఉంటే ఆమె చెప్పింది: “ఫోను మా ఆయన జోబీలో ఉంటాది నాయినా. చీటీ అయితే నా కాడ ఉంటాది. బిల్లు ఎంతొస్తాదో ముందే నాకు తెల్సేది. ఇప్పుడు ఆయన ఎంత చెప్తే అంత.”

ఆవును మేపేది ఆమె, పాలు పిండేది ఆమె, చీకట్లో మోసకపోయేది ఆమె. లెక్క మాత్రం నేను ఎత్తుకుపోయి ఇంకొకరి జేబులో పెట్టినా. పైగా అదేదో పారదర్శకత అని స్లైడు మీద రాసినా.

ఇదంతా తెలియనివాడినా నేను? మీ అవ్వ పాలకార్డు వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచేది. తాత పేకాట సంగతి నీకు తెలుసు గదా. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ కార్డు లెక్కలోంచే వచ్చింది. అట్లాంటి ఇంట్లో పుట్టి, ఏసీ గదిలో కూర్చొని, చీటీ అంటే కాగితం ఖర్చు అనుకున్నా. మీ అవ్వ అప్పటికి బతికే ఉంది. ఒక్క ఫోన్ చేసి అడిగుంటే చాలు.

చీటీలు మళ్లీ పెట్టించినాం. పోయినవాళ్లలో సగంమంది కూడా వెనక్కి రాలేదు. ‘వేసవి ప్రభావం’ అని రాసింది తప్పని పైవాళ్లకు చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

అందుకని అడుగుతున్నా పాపా, తోట ఆయనది, ఫోను కొడుకుది, కాయ లెక్క రాసేది కోడలైతే నీ యాప్ ఎవరితో మాట్లాడుతుంది?

గాలి ఎటు వీస్తే అటు పోవడం మన వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. 2012 ప్రాంతంలో ఏ మీటింగులో చూసినా ‘దీనికి యాప్ ఏది?’ అనేవాళ్లు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది, ఆ మరుసటి నెల నుంచి ‘దీంట్లో ఏఐ ఏది?’ అన్నారు. మధ్యలో 2016లో యూపీఐ వచ్చింది, జియో వచ్చింది, నోట్లు రద్దయినాయి, ఎన్ని పేమెంటు యాపులో లెక్కే లేదు. కానీ మా బైరాగిపట్టెడ మూలలో బజ్జీల బండాయనకు నిజంగా పనికొచ్చింది డబ్బు పడిందని అరిచే డబ్బా. సిమ్ కార్డు పెట్టిన స్పీకరు, అంతే. చేతులు శనగపిండిలో ఉంటాయి, కళ్లు నూనె మీద ఉంటాయి, ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. అది కనిపెట్టిన మనిషి ఎవరో గానీ బండి పక్కన నిలబడి చూసుంటాడు.

నీ మాట్లాడే యాప్ కూడా చెవికే కాబట్టి నాకు నచ్చింది. నిన్న నువ్వు అమ్మకు పంపిన లింకులో నేను ప్రయత్నం చేసినా. మన పక్క రైతు తోతాపురి మామిడిని బెంగళూరా అంటాడు గదా, “బెంగళూరా ఎంత పలికింది?” అని అడిగినా. అది నాకు బెంగళూరు నగరం వాతావరణం చెప్పింది! నవ్వుకున్నా, తర్వాత కొంచెం దిగులేసింది. ముందు ఈ పక్క మాట దానికి నేర్పించు. కుప్పం వైపు పోతే తమిళం, కన్నడం కలుస్తాయి, నగరి వైపు తమిళం ఇంకా చిక్కన. ఏఐ మోడళ్లు తెలుగును ఇంగ్లీషుకంటే ఎక్కువ ముక్కలుగా నరుక్కుంటాయని, ఖర్చు, ఆలస్యం పెరుగుతాయని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో భయం. నీ యాప్ లోపలుండే ఏఐ మోడల్ తరువాతి మాట ఊహించే యంత్రం. తేనెమంచు పురుగుకు మందు ఎంత కలపాలంటే తడబడకుండా ఒక అంకె చెప్పేస్తుంది. ఎరువుల కొట్టాయనైతే తెలియనప్పుడు డబ్బా తిప్పి చదువుతాడు, ఆ తిప్పడం చూసి రైతు జాగ్రత్త పడతాడు. నీ యాప్‌కు ఆ డబ్బా తిప్పడం ఎట్లా నేర్పిస్తావో ఆలోచించు. మందు డోసు, ధర ఆ మోడల్ సొంతంగా చెప్పకూడదు. ఏ మార్కెట్టు, ఏ రోజు, ఎన్ని గంటల ధరో చెప్పించు, లేకపోతే ‘ఈరోజు ధర ఇంకా రాలేదు’ అనిపించు. ఆ వాక్యం పలికే యాప్‌ను పెట్టుబడి పెట్టేవాళ్లు మెచ్చుకోరు. పోనీ.

ఇరవై పేజీల్లో ఆరు పేజీలు రేపటి ధర అంచనా మీదే పెట్టినావు. 2025 సీజన్‌లో మీ చిన్నతాత తోతాపురి లోడుతో ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకున్నాడు. నేను సంగటి క్యారియర్ తీసుకుపోయినా. ధర అందరికీ తెలుసు: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కిలోకు 12 రూపాయలన్నారు. ఆ లైనులో ధర అడిగినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. ‘నా బండి ఎప్పుడు దిగుతుంది?’ ఇదే అడుగుతా ఉండారు. కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారతా ఉంది, ఈగలు ముసురుతా ఉండాయి. మీ చిన్నతాత నిద్రలో కూడా లేచి ముందు బండి కదిలిందా అని చూసేవాడు.

కొండమీద దర్శనానికి శ్రీనివాసం దగ్గర, విష్ణునివాసం దగ్గర టైము వేసిన టోకెన్ ఇస్తారు గదా. చేతిలో ఆ టైము ఉంటే మనిషి పోయి తిని, పడుకొని వస్తాడు. గేటు దగ్గర అట్లాంటిదే కావాలి. దానికి ఏఐ పెద్దగా అక్కర్లేదు. గేటులో టోకెన్లు రాసే పిల్లోడు గంటకు ఎన్ని బండ్లు లోపలికి పోయినాయో నీకు చెప్పాలి. వాడికి ఎందుకు చెప్పాలనిపించాలి, వాడి పని ఏం తగ్గుతుంది, ఇది తేల్చుకో. నీ మొదటి యూజర్ వాడేనేమో. టోకెన్ కాగితం మాత్రం తీసేయవాకు.

ఆదివారం వస్తానన్నావంట. తిరుపతిలో దిగినాక ముందు ఇంటికి రా, మీ అత్త పచ్చిపులుసు చేస్తానంటా ఉంది. సాయంత్రం చల్లబడినాక చిత్తూరు రోడ్డులో చిన్నతాత ఇంటికి పోదాం, ఫోనులోవి కాకుండా ఆ స్క్రీన్ల బొమ్మలు కాగితం మీద గీసి తీసుకురా. ముందు చిన్నమ్మమ్మకు చూపిద్దాం. తోట లెక్క రాసేది ఆమే.

నీ మామ