చిట్టితల్లికి, ఆ ఫోటో గురించి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. రెండు నెలలు కూర్చుని గుడ్డ మీద వేసిన గజేంద్ర మోక్షం కలంకారీ బొమ్మ ఫోటో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన నాలుగు గంటలకే, కింద జనం రాసిన మాటలు చూసి తీసేశానన్నావు. ఫోన్‌లో నాకు సరిగ్గా మాటలు తోచవు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అడక్కుండా మాట అనేవాళ్లు మాకూ ఉండేవాళ్లు. శ్రీకాళహస్తి గుడికొచ్చిన జనం, మా వాకిట్లో గుడ్డ ఆరేసి ఉంటే ఆగి ఏదో ఒకటి అనే వెళ్లేవాళ్లు. కానీ మాకు మనిషి మొహం కనిపించేది. నీకు మాట ఒక్కటే కనిపిస్తుంది, రాత్రంతా మళ్లీ మళ్లీ చదువుకుంటావు. అందుకే అంత బాధ.

నేను మొదటిసారి ఎగ్జిబిషన్‌కి వెళ్లిన ఏడాది మా ఊరి స్వర్ణముఖి నది ఎండిపోయి ఉంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూశాక పారే నీళ్లలో ఉతకాల్సిన గుడ్డని ఇంట్లో తొట్టిలో ఉతికాను. స్టాల్ దగ్గర పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వంగి చూసి, "అమ్మా, పటిక సరిగ్గా వదల్లేదు" అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. నిన్నెవరు అడిగారని నోటిదాకా వచ్చింది. రాత్రి గదిలో గుడ్డ పరిచి చూస్తే, తెల్లగా ఉండాల్సిన అంచు పక్కన లేత ఎరుపు పాకి ఉంది. నిలవ నీళ్లలో వదిలిన పటిక తెల్లచోటుకి అంటుకుని, ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టినప్పుడు అక్కడా రంగు పట్టింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకోసారి ఒకావిడ, గీతలు ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటే బాగుండేది అంది. మంచిగానే అంది పాపం. నేను ఇంటికొచ్చి, దాదాపు పూర్తయిన పట్టాభిషేకం మీద సన్నగీతలన్నీ లావు చేశాను. ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టి చేసే నలుపు కరక్కాయ రసం పట్టిన గుడ్డ మీద పడితే ఇక చెరగదని నీకు తెలుసు కదా. సీతమ్మ మొహం బిగుసుకుపోయింది. మూడు నెలల పని పాడైంది. తర్వాత తీరిగ్గా చూసుకుంటే, ఆవిడ వేలు పెట్టిన చోట నిజంగానే నా గీత వణికింది. అక్కడ కలంలో నలుపు అయిపోతోంది, నేను మళ్లీ ముంచకుండా లాగాను. ఆ ఒక్క చోటు చూసుకుని ఊరుకుంటే సరిపోయేది.

అప్పటినుంచి ఎవరేమన్నా, వాళ్లు చూపించిన చోటు చూస్తాను. ఎలా సరిచేయాలన్నది మాత్రం నేనే తేల్చుకుంటాను.

మా మాస్టారు, 1950ల చివర్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ మొదలైన శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నవారు. మా బొమ్మ దిద్దాల్సివస్తే ఆయన ఎప్పుడూ చింతబొగ్గుతోనే దిద్దేవారు. బొగ్గు గీత నచ్చకపోతే దులిపేయొచ్చు. బయటివాళ్ల మాటని కూడా ముందు అలా బొగ్గుతో గీసుకో తల్లీ. ఆ రాత్రే జవాబివ్వకు. ఒక నోట్‌బుక్‌లో మాట మాత్రం రాయి, అన్నవాళ్ల పేరు రాయకు. వారం ఆగి, పగటిపూట గుడ్డ పరుచుకుని చదువు. పేరు లేకపోతే సగం కోపం పోతుంది, నేను చేసి చూశాను.

ఇక నీకొచ్చిన మాటలు. ఏనుగు వెనక కాలు పొట్టిగా ఉందన్నారు. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. కాలు కొలత సరిగ్గానే ఉంది, అది నీళ్లలో ఉంది. కానీ మోకాలి దగ్గర అల గీత నువ్వు వేయలేదు. అందుకని చూసేవాళ్లకి కాలు తెగినట్టుంది.

రంగులు వెలిసిపోయాయన్న మాటకి టెన్షన్ పడకు, రాత్రి ట్యూబులైటు కింద తీశావు. పొద్దున్నే నీడపట్టున తీయి. బజార్లో మూడొందలకి దొరుకుతుందన్నవాళ్లకి ఒక్కసారి మర్యాదగా చెప్పు. అది స్క్రీన్ ప్రింట్, ఇది చేతితో గీసింది అని రాసి, గుడ్డ వెనకవైపు ఫోటో, కలం పట్టిన నీ చెయ్యి ఫోటో పెట్టు. రెండోసారి అడిగితే వదిలేయ్.

చివర్లో గొంతు తగ్గించి చెప్పావే, ఇంట్లో వంట నేర్చుకోమన్నారని, అది నీ బొమ్మ గురించి కాదు. నోట్‌బుక్‌లో కూడా రాయొద్దు. తీసేసి బ్లాక్ చెయ్యి. వాళ్లకి నువ్వు జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ఇంకొకటి. ఫోటో మళ్లీ పెట్టేటప్పుడు నీకేం కావాలో నువ్వే రాయి. "ఏనుగు కదలిక ఎలా ఉందో చెప్పండి" అని అడిగితే, తెలిసినవాళ్లు దాని గురించే మాట్లాడతారు.

ఆదివారం గుడ్డ తీసుకుని రా. నలుపు కుండ మొన్ననే పులిసింది. ముందు అంచు ముక్క మీద చూసుకుని, ఆ అల గీత నువ్వే వేద్దువుగాని. మధ్యాహ్నం భోజనం ఇక్కడేనని మీ అమ్మకి చెప్పు.

నీ పెద్దమ్మ