వియత్నాంతో మన కాఫీ ఎందుకు పోటీ పడలేకపోతోంది?

కాఫీ ఎగుమతుల్లో బ్రెజిల్, వియత్నాంలకు భారతదేశం ఎందుకు దీటు రాలేకపోతోందని మీరు అడిగారు. పాడేరు మన్యంలో ఒక వ్యాపారి తరఫున ఆరేళ్లు గింజ నాణ్యత చూసినవాడిగా నేను చెప్పేదొక్కటే: మనం గెలవవలసిన చోటు ఓడరేవు కాదు, కళ్లం.

ఒక సంక్రాంతి ముందు ఓ రైతు తెచ్చిన పార్చ్‌మెంటు (తొక్క తీసి ఆరబెట్టిన, పలుచని పైపొర ఇంకా ఉన్న కాఫీ గింజ) కంటికి మచ్చ లేకుండా ఉంది. తేమ కూడా 11 శాతమే. నమూనాను బెంగళూరు పంపితే, రుచి చూసిన నిపుణుడు ఒక్క చెంచా నోట పెట్టుకొని ఉమ్మేసి, మట్టి వాసన అని రాసి, సరుకు మొత్తాన్ని తక్కువ రకంలోకి దించేశారు. నేను ఆ ఊరు వెళ్లి చూస్తే, పులియబెట్టి కడిగిన తడి గింజను పేడతో అలికిన నేల మీదే ఆరబోస్తున్నారు. "వడ్లూ ఇక్కడే ఆరబెడతాం బాబూ, అన్నం ఎప్పుడైనా మట్టి వాసన వచ్చిందా?" అని ఆ పెద్దాయన అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. వడ్లు చాలావరకు పొలంలోనే ఎండి కళ్లానికి వస్తాయి. కడిగిన కాఫీ గింజలో సగం బరువు నీళ్లే ఉంటాయి, అవి ఆరేలోపు చుట్టుపక్కల వాసనంతా అది పట్టేసుకుంటుంది.

ఇక దిగుబడి సంగతి. 1989 జులైలో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఒక్కో దేశం ఎంత ఎగుమతి చేయాలో నిర్ణయించిన కోటాలు పోయాక, వియత్నాం తన మధ్య పీఠభూమిలో నీరు, ఎరువు ధారాళంగా పెట్టి, ఎక్కువ దిగుబడినిచ్చే రోబస్టా రకం కాఫీ వేసి, 2000 నాటికి కొలంబియాను దాటి కాఫీలో బ్రెజిల్ తర్వాత రెండో స్థానానికి చేరింది. అక్కడ హెక్టారుకు రెండున్నర టన్నుల పైచిలుకు పండితే, నీడ చెట్ల కింద పెరిగే మన తోటల సగటు టన్ను కూడా లేదు. బ్రెజిల్‌లో చదును నేలల మీద యంత్రాలే కోత కోస్తాయి. మన కొండవాలులో పండిన పండును చూసి చేత్తో ఏరవలసిందే. ఆ కూలీ ఖర్చుతో చవకగా అమ్మాలనుకోవడం వృథా ప్రయాస. కడిగిన మన రోబస్టాకు, ఆ రకానికి ప్రపంచమంతా కొలమానంగా చూసే లండన్ మార్కెట్ ధర మీద అదనంగా ఇచ్చి కొంటున్నారంటే, అది శుభ్రతకు దక్కే సొమ్మే.

బ్రెజిల్‌లో 2021 జులైలో చలికి తోటలు మాడి ధర పెరిగితే, అదేదో మన ఘనత అన్నట్టు మాట్లాడినవారిని చూసి నాకు విసుగేసింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న జీఐ ముద్ర) రావడం సంతోషమే గాని, ఆ గుర్తింపు చూసి నిపుణుడు మట్టి వాసనను క్షమించడు.

మరుసటి ఏడాది ఆ పెద్దాయన వెదురు తడికలతో నడుమెత్తు మంచె కట్టి గింజను దాని మీద ఆరబోశారు. ఆ నమూనాకు బెంగళూరులో ఎవరూ వంక పెట్టలేదు. మంచె పక్కన, అదే పాత కళ్లంలో, వడ్లు ఆరుతూనే ఉన్నాయి.