ఓడ మీద సర్ఫింగ్‌లో కాలు విరిగింది.. సంతకం పెట్టాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా తమ్ముడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎనిమిది నెలల కిందట భార్యతో కలిసి టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో క్రూయిజ్ (విహార ఓడ) ఎక్కి మెక్సికోలోని కోజుమెల్ దాకా వెళ్లొచ్చాడు. ఓడ పైడెక్కు మీద కృత్రిమ అలల్లో సర్ఫింగ్ ఆడించే యంత్రం ఉంది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ బోర్డు పట్టుకుని, మోకాళ్ల మీద లేపి గుండ్రంగా తిప్పించాడట. రెండుసార్లు బాగానే చేశాడు. మూడోసారి లేచి నిలబడగానే బోర్డు జారి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మా అమ్మ ఇప్పటికీ సరిగ్గా అన్నం తినడం లేదు. 'ట్రిక్కులు చేయకూడదని రూల్ ఉంది, పైగా గాయమైతే కంపెనీకి బాధ్యత లేదన్న హామీ పత్రం మీద మీరు సంతకం పెట్టారు' అని కంపెనీ చేతులు దులుపుకుంది. తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటు 'తడి డెక్కు మీద జారిపడ్డాడని రాయండి, క్లెయిమ్ వస్తుంది' అంటున్నాడు. కేసు వేయడానికి మూడేళ్లు టైముందట. కడపలోనే వేయొచ్చా?

జవాబు: మీ బాధంతా ఆ సంతకం గురించే. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. కేసును తేల్చే మాటను మీరు ఒక్క ముక్కలో దాటేశారు: 'మూడోసారి లేచి నిలబడగానే'. నిలబడమన్నది ఎవరు? ఇన్‌స్ట్రక్టరా, లేక రెండుసార్లు బాగా వచ్చిందన్న ఊపులో మీ తమ్ముడే లేచాడా? అప్పుడు ఆయన కాళ్ల కింద ఉన్నది ఏ బోర్డు?

ఆ యంత్రం దగ్గర రెండు రకాల బోర్డులుంటాయి. పడుకుని లేదా మోకాళ్ల మీద ఆడేది ఒకటి, నిలబడి ఆడేది ఇంకొకటి. పంపులు వాలు మీదికి కొట్టే నీళ్లు కొద్ది అంగుళాల లోతే ఉంటాయి, వేగం మాత్రం విపరీతం. అందుకే రూల్సు అంత గట్టిగా పెడతారు. పేరున్న ఓడల్లో పడుకుని ఆడాలంటే 52 అంగుళాలు, నిలబడి ఆడాలంటే 58 అంగుళాల ఎత్తు ఉండాలంటారు. ఆ రూల్సు ప్రయాణికుడికి ఎంత వర్తిస్తాయో, ఆడించే ఉద్యోగికీ అంతే వర్తిస్తాయి. పడుకునే బోర్డు మీద నిలబడమని కంపెనీ మనిషే చెప్పి ఉంటే, రూల్ తప్పింది కంపెనీయే.

అచ్చంగా ఇలాంటి కేసే 2011లో అమెరికా పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు (ఫ్లోరిడా వైపు ఫెడరల్ అప్పీళ్లు వినే కోర్టు) వచ్చింది. పడుకుని ఆడాల్సిన బోర్డు మీద ప్రయాణికురాలిని నిలబెట్టి, ఇన్‌స్ట్రక్టర్ పట్టు వదిలేశాడు. ఆమె చీలమండ విరిగింది. ఆమె కూడా మీ తమ్ముడిలాగే హామీ పత్రం మీద సంతకం పెట్టింది. ఆ సంతకం చెల్లదని కోర్టు తేల్చింది. అమెరికా రేవు నుంచి విదేశీ రేవుకు ప్రయాణికులను తీసుకెళ్లే ఓడ యజమాని, తన నిర్లక్ష్యం వల్ల జరిగిన గాయానికి బాధ్యత లేదని ముందే రాయించుకోవడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. గాల్వెస్టన్ నుంచి కోజుమెల్ ప్రయాణం దాని కిందికే వస్తుంది.

అయితే సంతకం చెల్లనంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. కంపెనీ నిర్లక్ష్యాన్ని మీ తమ్ముడే రుజువు చేయాలి. వద్దన్నా వినకుండా తనే లేచి ఉంటే కేసు బాగా బలహీనపడుతుంది. ఇద్దరి తప్పూ ఉందని తేలితే, ఆయన తప్పు ఎంత శాతమో అంత మేర పరిహారం తగ్గుతుంది, మొత్తానికి మొత్తం పోదు. ఓడ ఆసుపత్రిలో ప్రమాదం గురించి ఆయనతో ఒక స్టేట్‌మెంట్ రాయించుకుని ఉంటారు. అందులో 'ట్రిక్ చేస్తూ పడ్డాను' అని ఉందా, 'నిలబడమంటే నిలబడ్డాను' అని ఉందా? ఆ నాలుగు లైన్ల కాగితాన్నే కంపెనీ లాయరు మొదట తీస్తాడు. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

ఇక గడువు. ఎనిమిది నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడం ఏం పద్ధతి? మన ప్రోనోటుకు ఉన్నట్టే దీనికీ మూడేళ్లు అని ఎవరో చెబితే నమ్మేశారు. అమెరికా సముద్ర చట్టంలో గాయాల కేసుకు మూడేళ్లు ఉన్న మాట నిజమే. కానీ టికెట్ కాంట్రాక్టులో (టికెట్‌తో పాటు ఒప్పుకునే షరతుల పత్రంలో) దాన్ని ఏడాదికి కుదించుకునే వీలును చట్టమే ఓడ కంపెనీలకు ఇచ్చింది. పెద్ద కంపెనీలు ఆ ఏడాది షరతు పెడతాయి, ఆరు నెలల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలనీ రాస్తాయి. మీ ఆరు నెలలు దాటిపోయాయి. ప్రమాదం సంగతి కంపెనీకి అప్పుడే తెలిసి, నోటీసు లేనందువల్ల దానికి నష్టం కలగలేదని కోర్టు భావిస్తే ఆ లోపాన్ని మన్నించొచ్చు. ఓడ ఆసుపత్రి రికార్డు అక్కడ పనికొస్తుంది. ఏడాది గడువుకు మాత్రం అలాంటి మన్నింపు మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టండి. మిగిలింది నాలుగు నెలలే.

ఆ ఇన్సూరెన్స్ ఏజెంటు మాట అస్సలు వినొద్దు. సర్ఫింగ్‌లో పడ్డాడని ఓడ డాక్టరు రాసిన కాగితం ఉండగా, తడి డెక్కు మీద జారాడని క్లెయిమ్ పెడితే అది మోసం. టెక్సస్‌లో బీమా మోసం క్రిమినల్ నేరం. వీసా మీద ఉన్న మనిషికి అది ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పాలా? పైగా ఆ అబద్ధపు కాగితాన్ని కంపెనీ కోర్టులో పెట్టి, 'ఇతను ఏదైనా రాస్తాడు' అంటుంది. అప్పుడు నిజమైన కేసూ మునిగిపోతుంది. పాలసీలో సాహస క్రీడలను మినహాయించారో లేదో చదివి, ఉన్నది ఉన్నట్టు రాసి క్లెయిమ్ పెట్టుకోమనండి.

కడపలో వేయడం కుదరదు. టికెట్ ఇక్కడ కొనలేదు, నష్టపోయిన మనిషి ఇక్కడ ఉండడం లేదు. ఏ ఊరి కోర్టులో వేయాలో కూడా టికెట్ కాంట్రాక్టులోనే ఉంటుంది. పెద్ద ఓడ కంపెనీలు ఎక్కువగా ఫ్లోరిడాలోని మయామి కోర్టు అని రాస్తాయి. అలాంటి షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

కాబట్టి ఈ వారంలోనే మీ తమ్ముడు మయామిలో సముద్ర ప్రమాదాల కేసులు చేసే లాయరును పట్టుకోవాలి. ఇలాంటి కేసుల్లో చాలామంది ముందు ఫీజు అడగరు, పరిహారం వస్తే అందులో వాటా తీసుకుంటారు. సీసీటీవీ రికార్డు, ఆ రోజు డ్యూటీ వివరాలు, ప్రమాద స్టేట్‌మెంటు చెరిపేయకుండా భద్రపరచాలని ఆ లాయరు కంపెనీకి వెంటనే నోటీసు ఇవ్వాలి. ఓడల్లో కెమెరా రికార్డులను ఎక్కువ కాలం ఉంచరు, ఇప్పటికే పోయి ఉండొచ్చు. అందుకే ఆయన భార్య యంత్రం పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీసి ఉంటే, అది ఈ కేసులో బంగారం. వాట్సాప్‌లో పంపిన కాపీ కాదు, ఫోన్లో ఉన్న అసలు ఫైలు కావాలి. ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వొద్దు. వీడియోలో ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఎక్కడుంది, పెదవులు కదిలాయా, బోర్డు ఏ రకం అన్నవి ఒక్కో ఫ్రేమూ ఆపి చూడాలి. దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో స్టంటు అని గొప్పగా పెట్టి ఉంటే, ఇప్పుడు కంగారుపడి డిలీట్ చేయొద్దు. సాక్ష్యం మాయం చేశారంటారు. లాయరుకు చూపించండి, కొత్తగా ఏమీ పెట్టొద్దు.

పక్కన వరుసలో నిలబడ్డ వాళ్లెవరైనా పరిచయమై ఉంటే వాళ్ల నంబర్లు వెతకండి. కంపెనీ పంపే ఏ కాగితం మీదా లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దు. టికెట్ కాంట్రాక్టు మీ తమ్ముడి బుకింగ్ మెయిల్లోనే దొరుకుతుంది. నోటీసు పంపాల్సిన చిరునామా కూడా అందులో ఉంటుంది.